భీమవరం శివారు బాస్కెట్‌బాల్ కోర్టు: నేల బాగుంది, కొలతలు సరిచేయాలి

చేపల చెరువు పూడ్చి మెరక చేసిన స్థలంలో వేసిన కోర్టు ఇది. అద్దె గంటకు 600 రూపాయలు, లైట్లు వేస్తే మరో 150. కాలేజీ గేటు దాటకుండా అందరూ ఆడుకోగల కోర్టు భీమవరం పక్కన ఒకటి రావడం నిజంగా సంతోషం. అందుకే టేపు పట్టుకుని ప్రతి గీతా కొలిచి రాస్తున్నాం.

నేల బాగా వేశారు. ఉత్తర దక్షిణాలుగా ఉంది కనుక పొద్దున, సాయంత్రం ఎండ కళ్లలో కొట్టదు. పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. గీతల లోపలి అంచుల మధ్య మూల నుంచి మూలకు రెండు వైపులా 31.76 మీటర్లు వచ్చింది, అంటే మూలమట్టం తప్పలేదు. యాక్రిలిక్ పూతలో ఇసుక పాలు సరిపోయింది. పరుగు మీద ఆగినా బూటు జారదు. వాన నీరు పక్కలకు పోయేలా వాలు కూడా ఇచ్చారు.

మొదటి చిక్కు దక్షిణం వైపు రింగు దగ్గర. పూడ్చిన మట్టి పూర్తిగా దిగక ముందే కాంక్రీటు పోశారు. ఆ మూల కుంగి పగుళ్లిస్తే దాని మీద ఇంకో పొర వేసి మట్టం చేశారు, స్తంభాన్ని మాత్రం పైకి లేపలేదు. రింగు పై అంచు నేల నుంచి 3.05 మీటర్లు ఉండాల్సింది ఇప్పుడు 2.98 దగ్గర ఉంది. ఏడు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి. ఉత్తరం రింగుకు అలవాటైన చెయ్యి దక్షిణం వైపు ప్రతి షాటూ కాస్త పొడుగ్గా వేస్తుంది, బంతి వెనక అంచుకు తగిలి బయటికొస్తుంది. పిల్లలు తమ చేతిదే తప్పనుకుంటారు, అది బాధ. స్తంభం అడుగున బోల్టులు విప్పి ఇనుప పలకలు పెడితే ఒక్కరోజు పని.

మూడు పాయింట్ల గీతలో, అంటే దేని బయటి నుంచి బంతి వేస్తే మూడు పాయింట్లు వస్తాయో ఆ గీతలో, ఇంకో తప్పు. 6.75 మీటర్లు కొలవాల్సింది రింగు నడిమధ్యకు సరిగ్గా కింద, నేల మీద ఉన్న బిందువు నుంచి గీత బయటి అంచుకు. ఇక్కడ రింగు వెనకున్న బోర్డు ముఖం నుంచి కొలిచినట్టుంది. బోర్డుకూ రింగు మధ్యకూ 37.5 సెంటీమీటర్ల తేడా. ఫలితంగా ఎదురుగా గీత 6.37 దగ్గరే పడింది. మేస్త్రీ తూకంగుండు రింగు మధ్య నుంచి వేలాడదీస్తే ఈ పొరపాటు జరిగేది కాదు. ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డు రాకుండా బంతి వేసే ఫ్రీ త్రో గీత మాత్రం బోర్డు నుంచి 4.60 మీటర్లకు సరిగ్గా ఉంది.

వాలీబాల్ నుంచి వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి: అక్కడ గీత మీద పడిన బంతి లోపలే, ఇక్కడ హద్దు గీత తొక్కితే బయటే. మూడు పాయింట్ల గీతను తొక్కి వేసిన షాట్‌కు రెండే పాయింట్లు. పక్క గీత అవతల 2 మీటర్లు ఖాళీ ఉండాలి. పడమర వైపు 1.2 మీటర్లకే ఇనుప కంచె ఉంది, మెత్తలు కట్టలేదు. వేగంగా వెళ్లేవాడికి అది ప్రమాదం, ముందు సరిచేయాల్సింది ఇదే.

అద్దెకిచ్చే బంతులన్నీ 7వ సైజు రబ్బరువి. అమ్మాయిలకు 6వ సైజు కావాలి, చుట్టుకొలత 72 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉండేది. గాలి కూడా ఎక్కువ కొడుతున్నారు. బంతి అడుగు నేలకు 1.8 మీటర్ల ఎత్తులో ఉంచి వదిలితే, ఎగిరినప్పుడు దాని పైభాగం 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్య ఆగాలి. ఇక్కడివి దాటిపోతున్నాయి. పొద్దున బిగుతుగా కొట్టిన బంతి మధ్యాహ్నం ఎండకు ఇంకా గట్టిపడుతుంది కనుక, ఆడే ముందు ఒకసారి వదిలి చూడండి.

వానాకాలంలో కంచె నీడ పడేచోట పాకుడు పడుతోంది, బ్రష్‌తో రుద్దించాలి. చలికాలం తెల్లవారుజామున మంచుకు నేల తడిగా ఉంటుంది, ఏడు దాటాక వెళ్లడం మంచిది. సగం కోర్టే తీసుకునేవాళ్లు ఉత్తరం వైపు అడగండి, సొంత బంతి తెచ్చుకోండి.