ఆరు చలికాలాలు చూసిన గ్రో బ్యాగులు: ఏం పండింది, ఏం చిరిగింది

2019 అక్టోబరులో ఇరవై గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచే సంచులు, కొన్నాను. వాటిలో ఇప్పటికీ మిద్దె మీద పనిచేస్తున్నవి ఏడు. పోయిన పదమూడూ ఒకే చోట పోయాయి, కుట్టు దగ్గర.

మాది ఉప్పల్ వైపు రెండంతస్తుల ఇల్లు. పైన మూడడుగుల పిట్టగోడ. బయట ఆకుపచ్చ, లోపల నలుపు ఉండే మామూలు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్ గుడ్డ) సంచులే తీసుకున్నాను, 240 జీఎస్‌ఎం అన్నారు, అంటే చదరపు మీటరు గుడ్డ 240 గ్రాముల బరువన్నమాట. పద్నాలుగు పన్నెండంగుళాలవి, నాలుగు పదిహేనువి, రెండు ఇరవై నాలుగువి. అత్తమ్మ వాటిని చూసి, "ఏందమ్మా, గీ సంచులల్ల ముల్లంగి అయితదా?" అంది. అయ్యింది. ఆ సంగతి తర్వాత.

మొదటి చలికాలం నా తెలివితక్కువతనంతోనే పోయింది. తేలిగ్గా ఉంటుందని సగానికి సగం కొబ్బరి పొట్టు నింపాను. ఎండాకాలంలో అది వరమేమో గానీ, డిసెంబరులో మాత్రం బురదగుంట. పైన అంగుళం మేర ఎండి పాలిపోయి కనిపిస్తుంది, అయ్యో ఎండిపోతోందని మనం నీళ్లు పోస్తాం, అడుగున అప్పటికే చిత్తడి. నాలుగు టమాటా మొక్కలు కింది ఆకులు పసుపెక్కి వాడిపోతుంటే ఇంకా నీళ్లు పోశాను. పీకి చూస్తే వేళ్లు గోధుమరంగులో మెత్తబడి ఉన్నాయి. ఇప్పుడు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, సంచికి గుప్పెడు వేపపిండి. నీళ్లు పొద్దున ఎండెక్కాకే. వేలు రెండు కణుపులు దించితే తడి తగలకపోతేనే పోస్తాను. చలికాలంలో పెద్ద సంచికి ఒక్కోసారి మూడు రోజుల వరకు నీళ్ల అవసరమే రాదు.

రెండో పాఠం నీడ. వానాకాలంలో దక్షిణం పిట్టగోడ పక్కన పెట్టిన సంచులు బాగానే ఉంటాయి, అప్పుడు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి. డిసెంబరు ఆఖరులో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. మూడడుగుల గోడ నీడ రెండున్నర అడుగులు దాటి పడుతుంది. గోడకు ఆనించి పెట్టిన పాలకూర నెలరోజులైనా బెత్తెడు ఎత్తే ఉంటే విత్తనాల కొట్టువాణ్ని తిట్టుకున్నాను. పాపం అతని తప్పేం లేదు, దానికి ఎండే తగల్లేదు. ఇప్పుడు దసరా కాగానే సంచులన్నీ ఉత్తరం వైపుకు జరుపుతాం.

జరపడం అన్నాను కదా, సంచి అసలు బండారం అక్కడే బయటపడింది. మట్టి తడిసిన పన్నెండంగుళాల సంచి పాతిక కిలోల దాకా ఉంటుంది. మూడో ఏడు, కాలీఫ్లవర్ నిమ్మకాయంత పువ్వు వేసిన సంచిని నేనూ మావారూ చెరో చెవి పట్టుకుని ఎత్తాం. ఆయన వైపు దారం టకటకా ఊడొచ్చింది. మట్టి, పువ్వు, వానపాములు అన్నీ ఆయన పాదాల మీద. గుడ్డ చూస్తే చెక్కుచెదరలేదు, గోరుతో గీసినా చిరగదు. దారం మాత్రం ఎండకు పొడిపొడి. అమ్మినవాళ్లు ఐదేళ్ల గ్యారంటీ గుడ్డకిచ్చారు, దారానికి కాదని అప్పుడర్థమైంది. ఫోన్ చేస్తే, నిండు సంచిని చెవులు పట్టుకుని ఎత్తకూడదమ్మా అన్నారు. మరి చెవులెందుకు పెట్టినట్టో!

అడుగు సంగతి కూడా చెప్పాలి. స్లాబు మీద నేరుగా పెడితే చలికాలమంతా కింద తడి ఆరదు. కొబ్బరి పొట్టు రసం కారి గోధుమరంగు మరకలు, వాటికింద నత్తలు. మూడేసి ఇటుకల మీద ఎక్కించాక ఆ బాధ తప్పింది.

ఇక పంటలు. ఈ సంచులకు అచ్చొచ్చినవి ముల్లంగి, ఆకుకూరలు. పన్నెండంగుళాల దాంట్లో ఆరు ముల్లంగులు, నలభై ఐదు రోజుల్లో సాంబారుకు. మెంతికూర నాలుగో రోజుకే తల ఎత్తుతుంది. ధనియాలు రెండు బద్దలుగా నలిపి చల్లినా పది రోజులు ఓపిక పట్టాల్సిందే. క్యారెట్‌కు మట్టి జల్లించాలి, గడ్డ తగిలితే రెండు కాళ్లేసుకుని వస్తుంది. కాలీఫ్లవర్ సంచికి ఒకటే, నారు లేతదై ఉండాలి. ముదురు నారు నాటిన ఏడాది పువ్వు బొత్తాము సైజు దాటలేదు. బెండ మాత్రం చలిలో వేయొద్దు, గింజ మొలవడానికే మొరాయిస్తుంది.

చిక్కుడుకు పదిహేనంగుళాలు కూడా చాలలేదు, పూత రాలిపోయింది. ఇరవై నాలుగంగుళాల దాంట్లో ఆగస్టులో పెట్టి పందిరి ఎక్కిస్తే, పొద్దు తగ్గాక పూత పట్టి సంక్రాంతికి కూర, రథసప్తమికి రథం చేసేందుకు కాయలు, నైవేద్యానికి ఆకులు. దానికి పేనుబంక కూడా తప్పకుండా వస్తుంది. లేత కొనల మీద నల్లగా అతుక్కుని, చీమల్ని వెంటేసుకుని. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొడతాను. జనవరిలో వేపనూనె సీసాలోనే గడ్డకడుతుంది, వేడినీళ్లలో కాసేపు పెట్టాలి. ఒకసారి అత్తమ్మ ఆ గడ్డ చూసి కొబ్బరినూనె అనుకుని తలకు రాసుకుంది. రెండు రోజులు ఆమె పక్కన ఎవరం కూర్చోలేదు.

మట్టి కుండీలు కూడా ఉన్నాయి మాకు. జనవరి పొద్దున వేలు పెడితే కుండీలో మట్టి ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంటుంది, సంచిలో అంత చల్లదనం ఉండదు. కుండీ చెమర్చి ఆరడం వల్లనేమో. అందుకే తులసిని కూడా చలికి సంచిలోకి మార్చాను. ఖర్చు లేకుండా కావాలంటే ఇరవై లీటర్ల పెయింటు డబ్బాకు అడుగున రంధ్రాలు పెట్టుకోండి. అందం ఉండదు గానీ, కుట్టు ఊడే భయం లేదు.

ఆకుకూరలకు, ముల్లంగికి ఈ సంచులు మళ్లీ కొంటాను. ఐదుకు నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ దారానికి కోత. పోయినేడు ఎనిమిది కొత్తవి తెచ్చాను. ఈసారి కొట్లోనే చెవి గట్టిగా లాగి, రెండు వరసల కుట్టున్నవే ఏరుకున్నాను. ఇంటికొచ్చాక వీధి చివర చెప్పులు కుట్టే తాత దగ్గర, ఒక్కోదానికి పదేసి రూపాయలిచ్చి నైలాన్ దారంతో ఇంకో వరస వేయించాను.