రోజుకో ముక్క చెప్పే యాప్, మూడేళ్లు వాడాక నా మాట

మూడేళ్లు దాటింది ఇది నా ఫోన్లో పడి. మా మేనల్లుడు గ్రూప్స్‌కి చదువుతా నాకూ ఎక్కించాడు, వాడికి ఉద్యోగమొచ్చి వెళ్లిపోయాడు, యాప్ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. పొద్దున్నే ఆరింటికి మూడు ముక్కలొస్తాయి, భాష ఒకటి, చరిత్ర ఒకటి, జనరల్ నాలెడ్జి ఒకటి, సాయంత్రం వాటి మీద చిన్న క్విజ్. యాప్ పేరు రాయను, కింద తిట్లు కూడా ఉండాయి కాబట్టి.

భాష ముక్కలు మాత్రం బంగారం. నాది కందుకూరులో కిరాణా అంగడి. ఒకరోజు వచ్చిందేందంటే జమ, బాకీ, వసూలు ఇవన్నీ అరబ్బీ నుంచి వచ్చిన మాటలంట, రసీదు, గుమాస్తా ఫారసీ, దుకాణం కూడా అరబ్బీయే, అంగడి మాత్రం అచ్చంగా మనది. ముప్ఫై ఏళ్లుగా చిట్టా రాస్తా ఉండా, ఆ పుస్తకంలో అంకెలు తీసేస్తే మిగిలే మాటల్లో ఇన్ని బయటినుంచి వచ్చినవని అప్పటిదాకా తెలవదు. కౌంటర్ దగ్గర పైకి చదువుతా ఉంటే రొయ్యల గుంటలాయన ఒకడు, ఆర్నెల్ల నుంచి నాకు 24 వేలు ఇవ్వాల, "బాకీ అరబ్బోళ్లదైతే వాళ్లకే కట్టుకుంటాలే అబయా" అని సంచీ తీసుకుని నవ్వుకుంటా పోయాడు. ఇంకా కట్టలా.

బాల్చీ, మేజా, అలమార, బొత్తాం పోర్చుగీసు మాటలని వచ్చిన రోజు మా ఇంటామె ఇల్లంతా తిరిగి ఒక్కోదాని మీద చెయ్యి పెట్టి ఇదీ వాళ్లదేనా, ఇదీనా అని అడిగింది, చెంబు, చేట మనవేనని చెప్పాక గానీ కుదుటపడలేదు.

చరిత్ర ఫర్వాలేదు, కానీ తిక్కన నెలకోసారి వస్తాడు. విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడు, మనుమసిద్ధి కొలువు, అంతే, అదే వాక్యం మళ్లీ మళ్లీ, నెల్లూరు వైపోణ్ణి నాకే విసుగొచ్చింది. అరణ్యపర్వంలో మిగిలిపోయింది పూర్తి చేసిన ఎర్రన మూడేళ్లలో ఒక్కసారి వచ్చాడు పాపం. 848 నాటి అద్దంకి శాసనంలో తరువోజ అనే ఛందస్సులో పద్యం ఉండాదని చెప్పిన రోజు మాత్రం బాగుంది, మేం ఆ ఊరికి ఎన్నిసార్లు పోయుంటాం, ఎవురూ చెప్పలా.

దీంతో నాకున్న పెద్ద పేచీ ఏందంటే విషయం చెప్తాది, ఎందుకు అనేది చెప్పదు. బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి, మన నెల్లూరు పేరే అని ఒకరోజు వేశారు. అవి ఒంగోలు జాతి కదా, మరి నెల్లూరు అని ఎందుకన్నారు? యాప్‌లో ఒక్క ముక్క లేదు. మా నాన్నని అడిగితే మంచం మీద నుంచే చెప్పాడు, అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేదిరా, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది అని. ఈ రెండు వాక్యాలు కలిపి వేసుంటే ఏం పోయేది వాళ్లకి?

జనరల్ నాలెడ్జి సగం వాట్సాప్ ఫార్వార్డులే. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనపడతాదంట, ఇంకా అదే పట్టుకోనుండారు. తెలుగు మాట్లాడేవాళ్ల లెక్కలో దేశంలో మూడో స్థానం అని వేస్తే మెయిల్ పెట్టా, అది 2001 లెక్క సార్, 2011 జనాభా లెక్కల్లో హిందీ, బెంగాలీ, మరాఠీ తర్వాత 8.11 కోట్లతో నాలుగో స్థానం అని. ధన్యవాదాలు అని జవాబొచ్చింది. మరుసటేడు మళ్లీ మూడే వేశారు. శ్రీహరికోట గురించి వేసింది మాత్రం ఒప్పుకోవాల, 1979 ఆగస్టులో మొదటి ఎస్‌ఎల్‌వీ రాకెట్ సముద్రంలో పడిపోవడం, 1980 జులై 18న రెండోది రోహిణి ఉపగ్రహాన్ని పైకి చేర్చడం రెండూ పక్కపక్కనే చెప్పారు, గెలిచింది ఒక్కటే చెప్పి వదిలెయ్యలా.

ఏడాదికి 299 తీసుకుంటారు, ఉచితంగా వాడితే ముక్కకో ప్రకటన, అది కూడా పెద్ద సౌండుతో. చదివి వినిపించే గొంతు ఉండాది గానీ ళ పలకదు, నీళ్లని నీల్లు అంటాది, నేను ఆపేశా.

ఇంక నా కడుపు మంట. ప్రకాశం జిల్లా ఏ సంవత్సరం ఏర్పడింది అని క్విజ్‌లో అడిగారు. నేను 1970 నొక్కా. తప్పంట, 1972 అంట. అయ్యా, 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా అని ఏర్పడింది, 1972లో ప్రకాశం పంతులు పేరు పెట్టారు, అంతే. ఇది పుస్తకంలో చదివింది కాదు, మా కందుకూరు అప్పుడు నెల్లూరు నుంచి అటు పోయింది, 2022లో మళ్లీ నెల్లూరులోకి వచ్చింది, గడప దాటకుండానే జిల్లాలు మారినోళ్లం మేము, మాకు తెలవదా? ఆ ఒక్క తప్పుకి వరసగా 212 రోజులు చేసిన లెక్క సున్నా అయిపోయింది. మెయిల్ పెడితే ఈసారి ధన్యవాదాలు కూడా రాలా.

అయినా మొన్న మళ్లీ ఏడాదికి కట్టేశా, పొద్దున్నే ఆ భాష ముక్క లేకపోతే కౌంటర్ దగ్గర ఏం చెప్పాలో తోచట్లా. మూడు స్టార్లు ఇస్తా ఉండా. నా 212 రోజులు నాకు వెనక్కిస్తే నాలుగోది ఆ రోజే వేస్తా.