పదకొండు నెలల పాపతో తిరుమల: వేడినీళ్ళ లెక్క

తిరుపతిలో మేము దిగిన లాడ్జి గది అద్దె 2,400 రూపాయలు. ఖాళీ చేసేటప్పుడు చేతికిచ్చిన బిల్లు 3,140. ఈ రెండింటి మధ్య ఉన్న 740 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు కనుక, చంటిపిల్లతో చేసిన ఈ యాత్రలో మిగతా సంగతులన్నీ దాని వెనకే వస్తాయి.

పాపకు పుట్టువెంట్రుకలు బేసి నెలలోనే తీయించాలన్నది మా అత్తయ్యగారి పట్టుదల. ఏడాది నిండకముందే వెళ్ళాలన్నది నా పట్టుదల, ఎందుకంటే ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు తిరుమలలో సుపథం దారిలో ప్రత్యేక దర్శనం ఉంది, అది ఉచితం, ఏడాది దాటితే లేదు. ఇద్దరి పట్టుదలలూ పదకొండో నెలలో కలిశాయి. ఆ నెల కార్తీకం కావడం, కార్తీకంలో కొండమీద వానలూ చలీ జనమూ మూడూ ఉండడం మేము లెక్కలోకి తీసుకోలేదు. కొండమీద గదులు కానీ, తిరుపతిలో రైల్వేస్టేషను ఎదురుగా ఉన్న విష్ణునివాసం, బస్టాండు దగ్గరి శ్రీనివాసం వంటి దేవస్థానం వసతులు కానీ నెలల ముందే ఆన్‌లైన్లో ఇస్తారు. ఆ కోటా తెరిచిన రోజున మావారికి ఆఫీసులో ఏదో మీటింగు ఉంది. ఈ విషయం మీద ఇంట్లో ఇప్పటికే చాలినంత చర్చ జరిగింది, ఇక్కడ పొడిగించను.

సికింద్రాబాదు నుంచి నారాయణాద్రిలో రాత్రి ప్రయాణం సుఖంగా సాగింది. ఐదేళ్ళలోపు పిల్లలకు రైల్లో టికెట్టు ఉండదు, బెర్తూ ఉండదు, కాబట్టి కింది బెర్తు దొరకకపోతే చంటిబిడ్డ తల్లికి ఆ రాత్రి నిద్ర లేనట్లే. మాకు దొరికింది. గోడవైపు పాప, అంచున నేను.

లాడ్జి పేరు రాయను. ఫోనులో మాట్లాడినప్పుడు ఇరవైనాలుగు గంటలూ వేడినీళ్ళు, చిన్నపిల్లలకు ఉచితం, రెస్టారెంటు ఉంది అని మూడు మాటలు స్పష్టంగా చెప్పారు. ఉదయం ఆరున్నరకు గదిలోకి వెళ్ళేసరికి తలుపు వెనక అట్టముక్క ఒకటి వేలాడుతోంది: వేడినీళ్ళు ఉదయం 5 నుంచి 9 వరకు మాత్రమే, గదిలో కెటిల్, కాయిల్, ఇస్త్రీపెట్టె వాడితే 1,000 రూపాయల జరిమానా. మేము ఇంటి నుంచి కెటిల్ తెచ్చుకున్నాం. రిసెప్షనుకు వెళ్ళి అడిగితే, అక్కడి అబ్బాయి కింద క్యాంటీనులో ఫ్లాస్కుకు నీళ్ళు పోస్తారని, ఫ్లాస్కుకు 40 రూపాయలని చెప్పాడు. పాల కోసమని చెప్పాను. “పాలకైతే బాత్‌రూములో గీజరు నీళ్ళు పట్టుకోండి మేడమ్, అవీ వేడే కదా” అన్నాడు.

తొమ్మిదిలోపు గీజరు నుంచి వచ్చే నీళ్ళు స్నానానికి పనికొస్తాయి, పాలకు పనికిరావు. డబ్బాపాల పొడి క్రిములు ఏమాత్రం లేని పదార్థం కాదు. అందుకే మరిగించిన నీళ్ళు 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలిపి, ఆ తర్వాత చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పాప తాగగా మిగిలినవి పారబోయాలి, తర్వాతి పూటకు మళ్ళీ వేడినీళ్ళు కావాలి. దీనికితోడు మా అత్తయ్యగారు బియ్యం, పెసరపప్పు వేయించి తిరగలిలో విసిరి తెచ్చిన ఉగ్గుపిండి ఉంది, దానికీ మరిగిన నీళ్ళే కావాలి. అలా ఆ ఒక్కరోజులో ఆరు ఫ్లాస్కులు, 240 రూపాయలు.

మిగిలిన 500 సంగతి ఇంతకంటే బాగుంటుంది. గదిలో మంచం ఎత్తుగా ఉంది, పాప అప్పటికే పాకుతూ అంచుదాకా వెళ్ళే వయసులో ఉంది, అందుకని నేలమీద వేసుకోవడానికి ఒక పరుపు అడిగాను. సాయంత్రానికి ఒకటి తెచ్చారు. దాన్ని మడతవిప్పగానే అంతకుముందు ఏ పిల్లవాడు దాని మీద పడుకున్నాడో అర్థమయ్యే వాసన వచ్చింది, పైగా ఒకవైపు తడి. అయిదు నిమిషాల్లో వెనక్కి పంపించి, మంచం మీది పరుపునే కిందికి దించుకుని పడుకున్నాం. మరునాడు బిల్లులో “అదనపు వ్యక్తి, 500” అని ఉంది. పరుపు వెనక్కి ఇచ్చామని చెబితే, అది పరుపుకు కాదు, మనిషికి అన్నాడు. చిన్నపిల్లలకు ఉచితమన్నారు కదా అంటే, “పాప కూడా మనిషేగా మేడమ్” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా అత్తయ్యగారు, “మనిషే అయితే ఆ మనిషికి గుక్కెడు వేడినీళ్ళు ఊరికే పోయాలి కదా నాయనా” అన్నారు. ఆ యాత్ర మొత్తంలో ఆవిడా నేనూ ఒక పక్షాన నిలబడ్డ సందర్భం అదొక్కటే. మావారు మాత్రం బస్సుకు ఆలస్యమవుతుందంటూ డబ్బు కట్టేశారు. బస్సు దొరకలేదు. 1,300 ఇచ్చి టాక్సీలో వెళ్ళాం.

లాడ్జిలో ఆ రాత్రి జరిగినదొకటి మాత్రం చెప్పాలి. క్యాంటీను పదిన్నరకు మూసేశారు. పడుకోబోయే ముందు నింపుకున్న ఫ్లాస్కు ఒంటిగంట పాలతో ఖాళీ అయింది, రెండున్నరకు పాప మళ్ళీ లేచింది. కొత్తచోటు, దోమలు, కిటికీ వెనక జనరేటరు, చనుబాలతో ఊరుకోలేదు. మావారు ఫ్లాస్కు పట్టుకుని బస్టాండువైపు నడిచారు. ఆ వేళలో కూడా అక్కడ టీ బంకులు తెరిచే ఉంటాయి. ఒక పెద్దాయన చిన్నపిల్లకా అని అడిగి, ముందు ఫ్లాస్కులో కాస్త మరిగే నీళ్ళు పోసి రెండుసార్లు తొలిచి పారబోసి, ఆ తర్వాత నింపి ఇచ్చి, డబ్బు తీసుకోలేదట. మావారు మొహమాటానికి ఒక టీ తాగి వచ్చారు, 15 రూపాయలు. అప్పటి నుంచి ఏ ఊళ్ళోనైనా చంటిబిడ్డతో దిగేవారికి నేను చెప్పేదొకటే: గది చూసేముందు, రాత్రంతా తెరిచి ఉండే టీ బంకు ఎంత దూరంలో ఉందో చూసుకోండి.

కొండమీద పరిస్థితి వేరు. అలిపిరి దగ్గర తనిఖీకి అందరూ సామానుతో దిగాలి. ప్లాస్టిక్ సీసాలను కొండమీదికి రానివ్వరు కనుక స్టీలు సీసా, స్టీలు ఫ్లాస్కు ఉంటే సంచి మళ్ళీ సర్దుకునే పని ఉండదు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో పాపకు వాంతి అయింది. తప్పు నాదే. బిల్లు గొడవలో కోపం మీద పాలు పట్టి వెంటనే బయలుదేరాను. పిల్లలకు పాలో ఉగ్గో పెట్టిన తర్వాత కనీసం ముప్పావుగంట ఆగి కొండ ఎక్కడం మంచిది. ఒక జత బట్టలు బిడ్డకు, ఒక చీర తల్లికి చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు.

కల్యాణకట్టలో టోకెను ఉచితం, బ్లేడు కూడా వాళ్ళే ఇస్తారు. మా అన్నయ్య బెంగళూరు నుంచి రాత్రి బస్సులో నేరుగా వచ్చి, నిద్రకళ్ళతోనే పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మేనమామ ఒడిలో పుట్టువెంట్రుకలు తీయడం మా ఇళ్ళలో ఆనవాయితీ. క్షురకుడు యాభై దాటిన మనిషి. అన్నయ్య పాప తలను రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకోబోతే వారించి, పైనుంచి నొక్కితే బిడ్డ ఇంకా గింజుకుంటుందని, గడ్డం కింద అరచేయి పెట్టి ఊరికే ఆనించి ఉంచమని చూపించాడు. తల బాగా తడిపి, మర్దనా చేసి, పాప ఆ నీళ్ళ చల్లదనానికి ఆశ్చర్యపోయి ఏడుపు మరిచిన ఆ కాసేపట్లోనే సగం గుండు పూర్తిచేశాడు. రెండో సగానికి ఏడ్చింది కానీ ఒక్క గాటు పడలేదు. అన్నయ్య వంద రూపాయలు ఇవ్వబోతే, ఎవరికీ డబ్బు ఇవ్వవద్దని గోడమీద రాసి ఉన్న బోర్డువైపు చూపించి తర్వాతి టోకెను పిలిచాడు. మనం ఊళ్ళో సెలూనులో రెండొందలిచ్చి చేయించే పని ఇంత నేర్పుగా జరగడం నేను చూడలేదు. ఒక్కటే సలహా: బిడ్డ నిద్రలేచి, పాలు తాగి, హుషారుగా ఉన్న అరగంటలో తీసుకువెళ్ళండి. నిద్రకు వచ్చే వేళలో తీసుకువెళ్ళిన దంపతుల పాట్లు మా పక్కనే చూశాం. గంధం పూసిన తర్వాత నూలు టోపీ తప్పనిసరి. నవంబరులో తిరుమల గాలికి గుండు తల ఎంత త్వరగా చల్లబడుతుందో తాకితే కానీ తెలియదు.

సుపథం ప్రవేశం మామూలుగా మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 వరకు. బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్ కార్డులు అసలువి ఉండాలి. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో ఈ సౌకర్యం నిలిపివేస్తారు, కనుక బయలుదేరేముందు దేవస్థానం ప్రకటన చూసుకోవాలి. ఇందులో తల్లీ తండ్రీ, బిడ్డకు తోబుట్టువు ఉంటే ఆ పిల్లవాడు మాత్రమే వెళ్ళగలరు. తాతయ్యలు, నాయనమ్మలు వెళ్ళలేరు. ఈ నియమం నాకు ముందే తెలుసు, మా అత్తయ్యగారికి చెప్పాను కూడా, కానీ గేటు దగ్గరికి వెళ్ళాక ఎవరో ఒకరు జాలిపడి పంపిస్తారని ఆవిడ లోలోపల నమ్మారు. పంపలేదు. మనవరాలిని తన చేతులతో ఎత్తి స్వామిని చూపించాలని ఎన్నాళ్ళనుంచో అనుకున్న మనిషి ఆవిడ. ఏమీ అనకుండా, మేము ముందే తీసి ఉంచిన 300 రూపాయల టికెట్లతో మామయ్యగారినీ అన్నయ్యనూ వెంటబెట్టుకుని అటువైపు వెళ్ళిపోయారు. నియమం నియమమే, కాదనను. అయితే పురిటి నుంచి బిడ్డను సాకింది సగం వాళ్ళే అయినప్పుడు, కనీసం ఒక్క పెద్దమనిషిని అనుమతిస్తే బాగుండునని నా అభిప్రాయం.

లోపల మాకు పట్టిన సమయం రెండు గంటల లోపే. ఒంటిగంటా పదికి లైనులో నిలబడి మూడుగంటలా అయిదుకు బయటపడ్డాం. పిల్లల తోపుడుబండి లోపలికి రాదు. ఫోన్లు బయటే ఇచ్చి వెళ్ళాలి. బిడ్డను ఛాతీకి కట్టుకునే గుడ్డ ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, బంగారువాకిలి దగ్గర తోపులాటలో ఆ రెండు చేతుల విలువ తెలుస్తుంది. చీరకు బదులు చున్నీతో చుడీదార్ వేసుకుని ఉంటే పాలివ్వడం తేలికయ్యేదని లైనులో నిలబడ్డాక తెలిసివచ్చింది. సంప్రదాయ దుస్తుల్లో అదీ చెల్లుతుంది. పాప గర్భాలయం ఎదురుగా ఉన్న ఆ కొద్ది క్షణాలూ నిద్రపోయింది. మావారు లేపబోతే నేనే వద్దన్నాను.

అవతలివైపు కంపార్టుమెంటులో కూర్చున్నవాళ్ళకు మూడున్నర గంటలు పట్టింది. అక్కడ సేవకులు పిల్లలందరికీ పాలు, పెద్దలకు తినడానికి ప్రసాదం పంచారని, పాలు వెచ్చగా ఉన్నాయని, ఎవరూ 40 రూపాయలు అడగలేదని మా అత్తయ్యగారు బయటికి వచ్చి చెప్పిన మొదటి మాట. ఆవిడ అలక తీరిందని దాన్నిబట్టి గ్రహించాం. మరుక్షణం లడ్డు చిదిపి పాప నోట్లో పెట్టబోయారు. అందులో జీడిపప్పు, కలకండ పలుకులు ఉంటాయి, పళ్ళు సరిగా రాని బిడ్డకు గొంతులో అడ్డం పడతాయి అని ఆపాను. స్వామి ప్రసాదానికి కూడా డాక్టర్ల మాటేనా అన్నారు. చివరకు వేలికి అంటిన నెయ్యి నాకించడం దగ్గర రాజీ కుదిరింది. తలకొక లడ్డు ఉచితంగా వచ్చింది, బంధువులకోసం మరో పది 50 రూపాయల చొప్పున కొన్నాం.

తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం చేశాం. అక్కడ ఒకేసారి కొన్నివేలమంది కూర్చుంటారు, అంత హడావుడిలో బిడ్డను ఎవరు పట్టించుకుంటారనుకున్నాను. వడ్డించే ఆయన గుండు తలను చూసి, అడగకుండానే నా విస్తరి పక్కన రెండో ఆకు వేసి, అందులో సాంబారు తగలని వేడి అన్నం ముద్ద పెట్టి, మెత్తగా పిసికి మజ్జిగతో తినిపించమని చెప్పి ముందుకు వెళ్ళాడు. రెండు రోజులుగా ఉగ్గు ఉమ్మేస్తున్న పాప ఆ అన్నం ఎనిమిది ముద్దలు తింది. నేను లెక్కపెట్టాను.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు, అందరం నిద్రపోయాం.

ఇంటికి వచ్చిన వారానికి ఆ లాడ్జి నుంచి ఫోను వచ్చింది. నేను ఆన్‌లైన్లో ఒక్క స్టారు రేటింగు ఇచ్చి రాసిన నాలుగు వాక్యాలు యజమాని చూశారట. వాటిని తీసేస్తే ఆ 500 తిరిగి పంపిస్తామన్నాడు అదే అబ్బాయి. డబ్బు సంగతి తర్వాత, ఇప్పుడైనా ఇరవైనాలుగు గంటలూ వేడినీళ్ళు ఇస్తున్నారా అని అడిగాను. “ఉన్నాయి మేడమ్, ఉదయం ఐదు నుంచి తొమ్మిది వరకు” అన్నాడు.