కాల్గరీ ఇంట్లో పదేళ్ల ప్లంబింగ్ బిల్లులు

కాల్గరీ వాయవ్య భాగంలో 1980ల చివర్లో కట్టిన రెండంతస్తుల ఇల్లు మాది. కింద బేస్‌మెంట్, రెండున్నర బాత్‌రూములు (అర అంటే స్నానానికి వీల్లేనిది), గ్యారేజీ మీద ఒక గది, దానికో బాత్‌రూమ్. కొని పదేళ్లు దాటింది. కొత్తగా వచ్చి ఇళ్లు చూసుకుంటున్న మనవాళ్లు ప్లంబింగ్‌కి ఎంత పోతుందన్నా అని అడుగుతూనే ఉంటారు. బిల్లులన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి, వాటిని ముందేసుకుని రాస్తున్నాను. అంకెలన్నీ కెనడా డాలర్లు, ఐదు శాతం జీఎస్టీ కలిపి. మొత్తం ఇప్పటికి ఇరవై మూడు వేలు దాటింది. అందులో నాలుగింట మూడొంతులు ఒక్క పనికే పోయింది. మిగతా బిల్లులు చూస్తే, ఏం పాడైందన్న దానికన్నా ఏ నెలలో పాడైందన్న దాన్ని బట్టే ధర పలికింది.

మామూలు రోజున, పగటిపూట ప్లంబర్ గుమ్మంలోకి రావడానికే వంద నుంచి నూట యాభై. ఆపైన గంటకు 130 నుంచి 170. పెద్ద కంపెనీలైతే గంటల లెక్క చెప్పవు. ట్యాబ్లెట్‌లో ధరల పట్టిక తెరిచి ఈ పనికింత అంటారు. షవర్ ట్యాప్‌లో కార్ట్రిడ్జ్, అంటే నీటిని వదిలి ఆపే లోపలి భాగం, మార్చడానికి నాకు 390 చూపించారు. ఆ కార్ట్రిడ్జ్ షాపులో నలభై కూడా లేదు, పని అరగంట. హైదరాబాద్‌లో ఐదొందల రూపాయలకు అయిపోయే పని అని మనసులో లెక్క వేసుకోవడం మొదట్లో ఎవరికైనా తప్పదు, తర్వాత అదే మానేస్తాం. ఇక్కడ ప్లంబర్ కావాలంటే నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్ చేయాలి, పరీక్షలు పాసవ్వాలి. వచ్చేవాడికి పని తెలుసు. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఒక్కడే వ్యాన్ వేసుకుని తిరిగే ప్లంబర్ గంట లెక్కన తీసుకుంటాడు, చిన్న పనులకు నేను అలాంటివాళ్లనే పిలుస్తాను.

హాట్ వాటర్ ట్యాంక్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గ్యాస్‌తో నడిచే యాభై గాలన్ల ట్యాంకు ఇక్కడ ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది. మాది 2021 సెప్టెంబర్‌లో అడుగున తుప్పు కనబడగానే మార్పించాను. పాతది మోసుకెళ్లడం, గ్యాస్ పర్మిట్‌తో సహా 2,450 అయింది. అదే ట్యాంకుకు ఒక పెద్ద కంపెనీ 3,500 చెప్పింది. ట్యాంకు లేని ఇన్‌స్టంట్ హీటర్ పెట్టించుకోమని చాలామంది చెబుతారు. నేను వద్దనే అంటాను. జనవరిలో వీధి మెయిన్ పైపు నుంచి వచ్చే నీళ్లు మూడు నాలుగు డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటిని స్నానానికి పనికొచ్చే వేడికి అప్పటికప్పుడు తేవాలంటే పెద్ద మెషినే కావాలి. మా నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి ఆ మెషిన్‌ను ఏటా కడిగించాలి. మాకు ఇచ్చిన కొటేషన్ 5,500. ఆ తేడా డబ్బు గ్యాస్ బిల్లులో ఎప్పటికి తిరిగొస్తుందో లెక్క వేసి పక్కన పెట్టేశాను.

అసలు ఖర్చు చలిది. 2024 జనవరి 13, శనివారం. కరెంటు వాడకం తగ్గించండని మా ప్రావిన్స్ ఆల్బర్టా అంతా ఫోన్లు మోగిన రాత్రి అది. బయట మైనస్ 30 దాటిపోయింది. గ్యారేజీ మీది బాత్‌రూమ్‌లో చల్లనీళ్ల ట్యాప్ తిప్పితే చుక్క రాలేదు. ఆ పైపు గ్యారేజీ పైకప్పులోంచి, బయటి గోడ పక్కగా పోతుంది. ఫోన్ చేసిన కంపెనీల్లో చాలావరకు మంగళవారం దాకా రాలేమన్నాయి. ఒకరు మాత్రం రాత్రి పదిన్నరకు వచ్చారు. రావడానికే 275, ఆపైన రాత్రి రేటు. గ్యారేజీ సీలింగ్‌లో చిన్న చదరం కోసి, హీటర్ పెట్టి, రెండు గంటల్లో గడ్డ కరిగించారు. బిల్లు 715. పైపు పగల్లేదు. అప్పటికే మా ఇంట్లో పెక్స్ అనే ప్లాస్టిక్ పైపులు వేయించి ఉన్నాం, అది కాస్త సాగుతుంది. రాగి పైపైతే ఆ రాత్రే చీలి ఉండేది.

ఆ పైపును లోపలి గోడలోకి మార్చి, గ్యారేజీ సీలింగ్‌లో ఇన్సులేషన్ సరిగ్గా కూరి ఇవ్వడానికి ఎంత అని ఆ రాత్రి వచ్చినాయన్నే అడిగాను. 1,700 అన్నాడు. జూలైలో ఇంకొకరితో అదే పని 950కి అయిపోయింది. వేసవిలో వాళ్లే మనకు ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటారని అడుగుతారు. అందుకే ప్రాణం మీదికి రాని పనులన్నీ నేను మే నుంచి సెప్టెంబర్ లోపల పెట్టుకుంటాను. చలి ముదిరే రోజుల్లో ఇంట్లో చేసుకోదగ్గవి తక్కువే: బయటి గోడకున్న సింకుల కింద అరల తలుపులు తెరిచి ఉంచడం, రాత్రి ట్యాప్‌లోంచి సన్నని ధార వదలడం, గ్యారేజీ తలుపు ఊరికే తీసి ఉంచకపోవడం. వీటికి పైసా ఖర్చు లేదు, నిజంగా పనిచేస్తాయి.

ఇక ఆ నాలుగింట మూడొంతుల సంగతి. కాల్గరీలో 1980ల ఇల్లు కొనేవాళ్లు బేస్‌మెంట్‌లో ఫర్నెస్ (ఇల్లు వేడిచేసే మెషిన్) పక్కన నిలబడి తలెత్తి చూడాలి. బూడిదరంగు ప్లాస్టిక్ పైపులు, వాటి మీద పీబీ 2110 అని అచ్చు ఉంటే అది పాలీబ్యూటిలీన్. ఇక్కడ అందరూ పాలీ-బీ అంటారు. 1970ల చివరి నుంచి 90ల మధ్య దాకా, రాగి కన్నా చవకని కెనడా అంతటా ఇళ్లకు ఇదే వేశారు. నీళ్లలో ఉండే క్లోరిన్ దాన్ని లోపలి నుంచి ఏళ్ల తరబడి పెళుసు చేస్తుంది. ఎక్కువగా జాయింట్ల దగ్గర పోతుంది. బయటికి చూస్తే కొత్తదానిలానే ఉంటుంది. మా ఇంట్లో ఒక్క చుక్క కూడా కారలేదు. కదిలించింది ఇన్సూరెన్స్ వాళ్లు. 2021 రెన్యూవల్‌లో ఇంట్లో పాలీ-బీ ఉందా అని అడిగారు. ఉందన్నాను. నీటి నష్టానికి డిడక్టబుల్‌ను, అంటే క్లెయిమ్‌లో ముందుగా మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తాన్ని, వెయ్యి నుంచి ఐదు వేలకు పెంచారు. ఇంకో రెండు కంపెనీలను అడిగితే అసలు పాలసీయే ఇవ్వలేమన్నాయి.

పాలీ-బీ అంతా మార్చి పెక్స్ వేయడానికి కొటేషన్లు 9,800, 13,400, 17,000 వచ్చాయి. ఒకే ఇల్లు, ఒకే పెక్స్ పైపు, ఇంత తేడా ఎందుకో ఆ కాగితాల చిన్న అక్షరాల్లో ఉంది. తక్కువ చెప్పినాయన కొటేషన్‌లో పర్మిట్ లేదు, ప్రతి సింకు కింద, ప్రతి టాయిలెట్ పక్కన ఉండే వాల్వులు పాతవే ఉంచుతాడు, గోడలకు పడే రంధ్రాలు మన తలనొప్పి. ఎక్కువ చెప్పినవాళ్లు గోడలు పూడ్చి పెయింట్ దాకా తామే చూసుకుంటారు. మేం మధ్యదానికి ఒప్పుకున్నాం. అందులో పర్మిట్, సిటీ ఇన్‌స్పెక్షన్, కొత్త వాల్వులు అన్నీ ఉన్నాయి. డ్రైవాల్ (గోడలకు, సీలింగ్‌కు కొట్టే జిప్సం పలకలు) పని మాత్రం విడిగా వేరేవాళ్లకు ఇచ్చాం.

గోడ కోసే ముందు ఇంకొకటి ఉంది, ఎవరూ ముందుగా చెప్పరు. 1990కి ముందు ఇళ్ల సీలింగ్ మీద చల్లిన గరుకు పూతలో, డ్రైవాల్ అతుకుల మీద పూసిన పుట్టీలో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే పీచు) ఉండే వీలుంది. శాంపిళ్లు తీసి ల్యాబ్‌కు పంపాలి, మాకు 450 అయింది. మా అదృష్టం బాగుండి ఏమీ లేదని వచ్చింది. మా వీధిలోనే ఒకరికి సీలింగ్‌లో ఉందని తేలితే, పైపుల మాట అటుంచి దాన్ని తీయించడానికే ఆరు వేలకు పైగా అయింది.

పని వారం లోపల అయిపోయింది. రోజూ సాయంత్రం వెళ్లేముందు నీళ్లు మళ్లీ వదిలి వెళ్లేవాళ్లు, హోటల్‌కు పోవాల్సిన పని పడలేదు. ప్లంబర్లు శుభ్రంగా చేశారు, నాకు ఏ వంకా లేదు. కానీ గోడలకు, సీలింగ్‌లకు ముప్పైకి పైగా రంధ్రాలు. పూడ్చి, పెయింట్ వేసి, సీలింగ్ మీద పాత గరుకుతో కలిసేలా పూత చల్లడానికి 3,600 అయింది. వంటింటి పైన ఒకచోట అతుకు ఇప్పటికీ తెలుస్తుంది. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు పంపగానే ఇన్సూరెన్స్ డిడక్టబుల్ మళ్లీ వెయ్యికి దిగింది. అంతా కలిపి 17,450. డబ్బుకు తగ్గ పనేనా అంటే అవుననే అంటాను. అయితే పాలీ-బీ ఉన్న ఇల్లు కొనేటప్పుడు ఈ మొత్తాన్ని బేరంలోనే తగ్గించుకోవాలి. ఇప్పుడు అమ్మేవాళ్లకూ ఏజెంట్లకూ ఈ సంగతి బాగా తెలుసు, కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

డ్రెయిన్ల విషయానికొస్తే, మన వంటకూ ఈ చలికీ పడదు. పోపు గిన్నె, నెయ్యి గిన్నె కడిగిన నీళ్లు చల్లబడ్డ పైపులో పడగానే కొవ్వు గోడలకు గడ్డకడుతుంది, దాని మీద పప్పు, అన్నం మెతుకులు పేరుకుంటాయి. ఇక్కడి సింకుల్లో తిండి తుక్కును నలిపే గార్బరేటర్ ఉంటుంది కదా అని కరివేపాకు, మునక్కాడ పిప్పి అందులో వేస్తే ప్లంబర్ రావాల్సిందే. ఆగర్ (పైపులోకి తోసి తిప్పే పొడవాటి స్ప్రింగు తీగ) వేసి లాగినందుకు 280. ఆ తర్వాత గిన్నెల్ని పేపర్ టవల్‌తో తుడిచి సింకులో వేస్తున్నాం. మా అమ్మ వచ్చినప్పుడు మాత్రం ఈ రూలు చెల్లదు.

బయట తోటకు నీళ్లు పట్టే ట్యాప్‌కు 420. గడ్డకట్టకుండా ఉండే రకమే అది, లోపలి వాల్వు ఇంటి వెచ్చదనంలో ఉంటుంది. కానీ అక్టోబర్‌లో గొట్టం విప్పకపోతే నీళ్లు లోపలే నిలిచి గడ్డకట్టి పైపు చీలుతుంది. చీలిన సంగతి మే నెలలో ట్యాప్ తిప్పాక, బేస్‌మెంట్ గోడ తడిసినప్పుడు తెలుస్తుంది. మాకు ముందు ఇంట్లో ఉన్నవాళ్లు మాకు వదిలి వెళ్లిన కానుక అది.

ఒక కంపెనీ మెంబర్‌షిప్ ప్లాన్ రెండేళ్లు కట్టాను. నెలకు ఇరవై. ఏటా ఒకసారి చూసిపోతారు, రిపేర్లలో పదిహేను శాతం తగ్గింపు, చలికాలంలో మనకే ముందు వస్తారని మాట. ఏటా చూడటానికి వచ్చినవాడు ప్రతిసారీ ఏదో ఒకటి అమ్మబోయేవాడు. తగ్గింపు వాళ్ల పట్టిక ధర మీద కాబట్టి, చివరికి వ్యాన్ ప్లంబర్ రేటు కన్నా ఎక్కువే పడేది. జనవరిలో పైపు గడ్డకట్టిన ఆ రాత్రి మంగళవారం దాకా రాలేమన్న కంపెనీల్లో ఇదీ ఒకటి. మర్నాడే రద్దు చేశాను.

బేస్‌మెంట్ ఫ్లోర్ డ్రెయిన్‌లోంచి మురుగు పైకి తన్నితే మాత్రం ప్లంబర్ కన్నా ముందు సిటీ వాళ్ల నంబరు 311కి ఫోన్ చేయాలి. మన స్థలం హద్దు దాకా ఉన్న మురుగు పైపు మనది, అక్కడి నుంచి మెయిన్ దాకా సిటీది. మా వీధిలో ఒకరికి కెమెరా పెట్టి చూసిన కంపెనీ ముందు వాకిలి తవ్వాలని 12,000 అడిగింది. ఇక్కడ నీళ్ల పైపులు నేల గడ్డకట్టే లోతుకు కిందుగా, ఎనిమిదడుగులు దాటి ఉంటాయి, మురుగుదీ ఇంచుమించు అంతే లోతు. తవ్వడం అంటే ఆషామాషీ కాదు. సిటీ వాళ్లు వచ్చి చూస్తే అడ్డం పడ్డ చెట్టువేళ్లు వాళ్ల వైపున్నాయి. వాళ్లే తీసి వెళ్లారు.

నీళ్లలో సున్నం తగ్గించే మెషిన్, వాటర్ సాఫ్ట్‌నర్ ఒక్కటే ఇంకా తేలలేదు. పెట్టించి నాలుగేళ్లయింది, మెషిన్, బిగింపు కలిపి 1,900, పైన చెప్పిన మొత్తంలో దీన్ని కలపలేదు. ట్యాప్‌ల మీద తెల్లమరకలు తగ్గాయి, టీ మీద తెట్టు పోయింది. అందులో వేసే ఉప్పు ఖర్చు నెలకు పది లోపే. హాట్ వాటర్ ట్యాంకు ఆయుష్షు పెరుగుతుందని అమ్మినవాళ్లన్నారు. అది 2031 దగ్గరపడితే గానీ చెప్పలేను.