తెలుగు వత్తుకు, ఒడియా గొడుగుకు ఏ పాళీ మేలు?

కొత్త పెన్ను చేతికి వస్తే చాలామంది ముందుగా తమ పేరు రాసుకుంటారు. నేను మూడు మాటలు రాస్తాను: లక్ష్మి, స్వాతంత్ర్యం, కథ. మొదటి మాటలో క కింద ష, దాన్ని ఆనుకుని మ, రెండూ ఇరుకులో సర్దుకోవాలి. రెండో మాటలో త ఒక్కటే క్రావడినీ యవత్తునూ మోయాలి. మూడో మాటలో థ కడుపులోని చుక్క చుక్కగానే నిలవాలి. పాళీ కొంచెం లావైతే ఆ చుక్క చుట్టూ ఉన్న ఖాళీ నిండిపోతుంది. అప్పుడు చదివే పిల్లవాడికి అది థ అని, ధ కాదని ఎలా తెలుస్తుంది?

పిల్లలకు రోజూ ఒరవడి పెట్టే మనిషిని కాబట్టి నాకు ఇది చిన్న విషయం కాదు. మాది ఒడిశాలోని రాయగడ. పగలు ఒక బట్టల దుకాణంలో ఒడియాలో లెక్కలు రాస్తాను. సాయంత్రం మా వీధి పిల్లలు పదకొండు మందికి తెలుగు నేర్పుతాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. తెలుగు ఇళ్లలో మిగిలింది కానీ పిల్లల బడి ఒడియాలో సాగుతుంది. వాళ్లకు తెలుగు అక్షరం ఎలా ఉంటుందో తెలిసేది నా చేతిరాత చూసే.

ఈ ఏడాది నా బల్ల మీదికి మూడు కొత్త పెన్నులు చేరాయి. రాజమండ్రిలో లేతు మీద చేత్తో తిప్పి చేసిన నల్లని ఎబొనైటు పెన్ను ఒకటి. జర్మనీ వాళ్ల లామీ సఫారి రెండోది. జపాను వాళ్ల పైలట్ మెట్రోపాలిటన్ మూడోది. మూడింటికీ ఉక్కు పాళీలే. మూడు నెలలుగా వంతులవారీగా రాస్తున్నాను. ఎవరికి ఏది మేలో ఇప్పుడు చెప్పగలను.

ముందు చూపు సంగతి. సఫారి 1980లో వచ్చింది. ఒంటికి గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్కు, పైన పెద్ద తీగ క్లిప్పు, ఇంకు ఎంత ఉందో చూసుకోవడానికి పక్కన కిటికీ. నాది పసుపు రంగుది. పిల్లలు బల్ల దగ్గరికి రాగానే ముందు దాన్నే తీసుకుంటారు. ఎక్కడా అలంకారం లేదు, ప్రతి భాగానికీ ఒక పని ఉంది. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది. మెట్రోపాలిటన్ ఇందుకు భిన్నం. ఇత్తడి ఒంటిమీద నునుపైన రంగు, రెండు చివరలా సన్నబడే ఆకారం. జేబులో ఉంటే పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలా కనిపిస్తుంది. ఈ ధరకు ఇంత అందం ఇవ్వడం పైలట్ గొప్పతనమే.

అయినా చూపులో నా మనసు ఎబొనైటు దగ్గరే ఆగింది. రబ్బరుకు చాలా ఎక్కువ పాళ్లలో గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడి తయారయ్యే పదార్థం అది. మెరుగు పెడితే ప్లాస్టిక్కులా తళతళలాడదు, నల్లరాతి విగ్రహంలా లోపలినుంచి నునుపు తేలుతుంది. చేతిలో పట్టుకున్న నిమిషానికే ఒంటి వెచ్చదనం తీసుకుంటుంది. వేలితో గట్టిగా రుద్దితే సన్నగా గంధకం వాసన వస్తుంది. మా నాన్నగారు మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. "మా బడిలో ప్రతి బెంచీ ఈ వాసనే వేసేదమ్మా" అన్నారు చివరికి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఎబొనైటును ఏళ్ల తరబడి ఎండలో వదిలేస్తే నలుపు వెలిసి గోధుమ రంగుకు తిరుగుతుంది. కిటికీ పక్కన పెట్టకండి.

ఇక రాత. అసలు పోలిక ఇక్కడే.

ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కువ భాగం పైనుంచి కిందికి లాగే గీతలే. లాగేటప్పుడు ఏ పాళీ అయినా సాఫీగానే వస్తుంది. మన అక్షరం అలా నడవదు. తాటాకు మీద గంటంతో రాసిన కాలంలో అడ్డంగా తిన్నని గీతలు గీస్తే ఆకు చీలేది. అందుకే తెలుగు, ఒడియా రెండూ గుండ్రంగా తిరిగాయని అంటారు. ఒడియా అక్షరం నెత్తిన గొడుగు పట్టుకుంటుంది, తెలుగు అక్షరం కడుపు చుట్టుకుంటుంది. సున్నా చుట్టేటప్పుడు పాళీ సగం దూరం లాగబడితే మిగతా సగం నెట్టబడుతుంది. నెట్టేటప్పుడు పాళీ మొన లోపలి అంచులు పదునుగా ఉంటే కాగితం పీచును గీరుతాయి. ఇంగ్లీషులో ఒక పేరా రాసి "పాళీ బాగుంది" అని చెప్పినవారి మాట తెలుగు రాసేవారికి సగమే పనికొస్తుంది.

ఈ సంగతి నాకు నేర్పింది రాజమండ్రిలో పెన్ను చేసిన పెద్దాయన. రాయగడ నుంచి గుంటూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా రాజమండ్రిలో దిగవచ్చు. ఆ ఊరికి పెన్నుల పేరు ఊరికే రాలేదు. స్వదేశీ పెన్ను కోసం పట్టుబట్టి 1932లో మొదలైన రత్నం పెన్నులు అక్కడివే. ఆ పెన్ను అందుకున్న గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఇప్పటికీ ఆ ఊళ్లో లేతు మీద పెన్నులు చేసేవాళ్లు ఉన్నారు. నేను వెళ్లింది ఒక చిన్న పనిశాలకు.

"ఎక్కువగా ఏమి రాస్తారమ్మా?" అని అడిగారు ఆయన.

"తెలుగు, ఒడియా, బాబాయిగారూ. పిల్లలకు ఒరవడి పెడతాను."

"అయితే సంతకం వద్దు. సున్నాలు చుట్టండి, చూస్తాను."

ఎడమవైపుగా ఒక వరస, కుడివైపుగా ఒక వరస చుట్టించారు. నా చెయ్యి ఎక్కడ నెడుతోందో చూశారు. పాళీని సన్నటి గరుకు కాగితం మీద రెండు మూడుసార్లు తిప్పి మళ్లీ ఇచ్చారు. మళ్లీ సున్నాలు, మళ్లీ గరుకు కాగితం. నాలుగోసారికి గీరుడు పోయింది. పాళీ కింద ఇంకు మోసుకొచ్చే ముక్క కూడా ఎబొనైటే. మా ఇంట్లో దాన్ని నాలుక అనేవారు. దాన్ని కాస్త వేడి చూపించి పాళీకి ఆనించి సరిచేశారు. ప్లాస్టిక్కు నాలుకతో ఇది ఇంత సులువు కాదు. పైగా ఎబొనైటు ఉపరితలానికి ఇంకు బాగా అంటుకుంటుంది, ధార తెగదు. వేగంగా రాస్తూ "స్వాతంత్ర్యం" చివరిదాకా వెళ్లినా గీత పలచబడటం లేదు.

సఫారి పాళీ బిరుసుగా, నిలకడగా ఉంటుంది. సున్నా చుట్టడంలో మెత్తగానే వెళ్లింది. కానీ జర్మనీ వాళ్లు సన్నం అని ముద్ర వేసిన పాళీ గీత, జపాను వాళ్ల మధ్యరకం పాళీ గీతకు దగ్గరగా ఉంటుంది. నా మూడు మాటల పరీక్షలో లక్ష్మి గట్టెక్కింది, కథలో చుక్క మాత్రం అంచుల్ని తాకింది. పెద్ద అక్షరాలు రాసేటప్పుడు ఆ లావు వరమే అవుతుంది. వెడల్పు గీతల పుస్తకంలో ఒరవడి పెడితే ఎదురుగా కూర్చున్న పిల్లలకు తలక్రిందులుగా చూసినా తెలుస్తుంది. లామీ పాళీని ముందుకు లాగి మరొకటి తొడుక్కోవచ్చు కాబట్టి ఒకే పెన్నుకు రెండు మూడు పాళీలు ఉంచుకోవచ్చు. ఎడమచేతివాటం వారికి వేరే పాళీ కూడా చేస్తారు.

సఫారిలో తేల్చుకోవాల్సింది పట్టు. వేళ్లు పెట్టే చోట మూడు పలకలుగా చెక్కి ఉంటుంది. పెన్ను పట్టుకోవడం నేర్చుకుంటున్న పిల్లలకు అంతకన్నా మంచి గురువు దొరకడు. కానీ చిన్నప్పటినుంచి మరో రకంగా పట్టుకున్న చేతికి ఆ పలకలు అడ్డు చెబుతాయి. నేను వత్తు రాసేటప్పుడు పెన్నును వేళ్ల మధ్య కొద్దిగా తిప్పుతానని నాకే తెలియదు. సఫారి తిరగనివ్వనప్పుడు తెలిసింది.

మెట్రోపాలిటన్ సన్నపాళీ చూశాక, మన లిపికి బంధువులు జపానులోనూ ఉన్నారనిపించింది. చిన్న చదరంలో పది పదిహేను గీతలు ఇమడాల్సిన అక్షరాలు వాళ్లవి. అందుకే వాళ్ల సన్నం నిజంగా సన్నం. క్ష్మిలో ష వేరు, మ వేరు. కథలో చుక్క ఆవగింజలా విడిగా నిలిచింది. ఒడియాలో డ కింద చుక్క పెడితే పలుకు మారిపోతుంది. లెక్కల పుస్తకంలోని ఇరుకు గడుల్లో కూడా ఆ చుక్క స్పష్టంగా పడింది. సన్నదనానికి ఒక మూల్యం ఉంది. కాగితాన్ని తాకుతున్న స్పర్శ వేళ్లకు తెలుస్తూ ఉంటుంది, వెన్నలా జారదు. నాకు అది ఇష్టమే. జారే పాళీతో నా అక్షరం అదుపు తప్పుతుంది. ఇత్తడి వల్ల బరువు సఫారి కన్నా ఎక్కువ, మూత వెనక తగిలిస్తే ఇంకా ఎక్కువ. మూత తీసి పక్కన పెట్టి రాయండి. పట్టుకునే భాగం నున్నటి ప్లాస్టిక్కు కాబట్టి, మే నెలలో చెమట పట్టే చేతులకు ఒక చేతిరుమాలు దగ్గర ఉండాలి.

కాగితం గురించి రెండు మాటలు. మా ఊరి పక్కన జేకేపూర్‌లో 1962 నుంచి కాగితం మిల్లు ఉంది. అందుకని మూడు పెన్నులనూ ఆ కంపెనీ 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే) కాపియర్ కాగితం మీదే పరీక్షించాను. ఎండాకాలంలో మూడూ శుభ్రంగా రాశాయి. నాగావళి నిండుగా పారే వానాకాలంలో ఏ కాగితమైనా చెమ్మ పీలుస్తుంది, ఇంకు పీచుల వెంట పాకుతుంది. అప్పుడు ఎబొనైటు పెన్ను ధార ఎక్కువ కాబట్టి దాని గీతే ముందుగా లావెక్కింది. సన్నపాళీ ఇంకు తక్కువ వదులుతుంది కాబట్టి చెమ్మ రోజుల్లో పైలట్ నిలబడింది. రాయల్ బ్లూ ఇంకు నీళ్లు తగిలితే కరిగిపోతుంది. కాబట్టి దరఖాస్తులకు, దస్తావేజులకు ఏ పెన్నుతోనైనా నీటికి చెదరని ఇంకే వాడండి.

ఇంకు నింపడంలో ఎబొనైటు పెన్నుదే పైచేయి. ఫిల్లరుతో నేరుగా ఒంట్లో పోస్తాం. నాదానికి సిరంజితో కొలిస్తే మూడు మిల్లీలీటర్లు పట్టింది. పైలట్ కన్వర్టరులో, అంటే ఇంకు పీల్చుకునే లోపలి చిన్న గొట్టంలో, పట్టేది అర మిల్లీలీటరు లోపే. రోజూ నాలుగైదు పుటలు రాసేవారికి ఆ తేడా తెలుస్తుంది.

అయితే నేరుగా పోసే పెన్నులన్నింటికీ ఉన్న గుణం దీనికీ ఉంది. ఇంకు అడుగంటినప్పుడు లోపల గాలి ఎక్కువవుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును బయటికి నెడుతుంది. ఎబొనైటు వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు కాబట్టి ప్రమాదం తక్కువే, కానీ లేకపోలేదు. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం దుకాణం లెక్కల పుస్తకం మీద నా పెన్ను కక్కింది. ఆ పుట మొత్తం తిరగరాశాను. తప్పు నాదే, ఇంకు పావు వంతుకు దిగాక కూడా నింపకుండా రాస్తూ పోయాను. అప్పటినుంచి సగానికి రాగానే నింపుతున్నాను, మరకల మాటే లేదు.

ఇప్పుడు నా తీర్పు. పదేళ్ల పిల్లకో పిల్లాడికో మొదటి ఇంకు పెన్ను కొంటుంటే సఫారి కొనండి, సన్నం కన్నా సన్నమైన పాళీ వేయించండి. కిందపడినా భయం లేదు, వేళ్లు దారిలో పడతాయి. కచేరీలోనో బ్యాంకులోనో ఇరుకు గడులు నింపే ఉద్యోగమైతే, ప్రయాణాలు ఎక్కువైతే మెట్రోపాలిటన్ సన్నపాళీ తీసుకోండి. పెట్టెలోంచి తీసిన క్షణం నుంచి ఏ మరమ్మతూ అడగకుండా తెలుగు రాసింది ఈ మూడింటిలో అదొక్కటే.

ఒకే పెన్ను ఉంచుకోమంటే నేను రాజమండ్రి పెన్నునే ఉంచుకుంటాను. దాని పాళీ నా సున్నాలు చూసి దిద్దినది. మిగతా రెండూ మంచి పెన్నులు, కానీ అవి తయారైనప్పుడు ఎవరి ముందూ యవత్తు లేదు. అయితే దీన్ని బొమ్మ చూసి తెప్పించుకోవద్దు. మనిషి వెళ్లాలి, తన కాగితం తీసుకువెళ్లాలి, తను రోజూ రాసే మాటలే రాసి చూపించాలి. అలా దిద్దించుకోకపోతే ఈ పెన్నుకు పైలట్ కన్నా ఎక్కువ మార్కులు నేను వేయను. ధర గురించి బెంగ అక్కర్లేదు. ఉక్కు పాళీతో తీసుకుంటే సామాన్యంగా ఈ రెండింటికి మరీ దూరం పోదు. బంగారు పాళీ అడిగితే లెక్క వేరు.

దసరా సెలవుల్లో మళ్లీ గుంటూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. ఈసారి మా పిల్లల్లో ఎడమచేత్తో రాసే అమ్మాయి చుట్టిన సున్నాల కాగితం ఒకటి సంచిలో పెట్టుకున్నాను. ఆ చేతికి పాళీ ఎటు దిద్దాలో బాబాయిగారిని అడగాలి.