చే గువేరా ఢిల్లీ ఫోటోలా, ఫిడెల్ వాషింగ్టన్ ఫోటోనా: ఏది మేలు?

చే గువేరా ముఖం తెలియని కాలేజీ కుర్రాడు మన దగ్గర దొరకడం కష్టం. టీషర్టు మీద, ఆటో వెనకాల, విద్యార్థి సంఘాల గోడల మీద అదే ముఖం కనిపిస్తుంది. నక్షత్రం ఉన్న టోపీ, దూరంగా ఎటో చూస్తున్న కళ్లు. 1960 మార్చి 5న హవానాలో అల్బెర్టో కోర్డా తీసిన ఫోటో అది. దానికి ఎనిమిది నెలల ముందు ఇదే చే ఢిల్లీ వచ్చాడని, నెహ్రూని ఆయన ఇంట్లోనే కలిశాడని, ఢిల్లీ దగ్గర ఒక పల్లెకు వెళ్లి రైతులను చూశాడని చెబితే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ ఫోటోలు భద్రంగానే ఉన్నాయి. గోడల మీదికి ఎక్కలేదు, అంతే.

అందుకే ఈ పోలిక. ఒక విప్లవ నాయకుడు పరాయి దేశపు రాజధానికి వెళ్తాడు. అక్కడ ఫోటోలు తీస్తారు. కొన్ని ఆయన వెంట వచ్చిన ఫోటోగ్రాఫర్ తీస్తాడు, కొన్ని ఆతిథ్యం ఇచ్చిన ప్రభుత్వం తీయిస్తుంది, కొన్ని పత్రికల వాళ్లు తీస్తారు. వీటిలో ఏవి మేలు? అందం లెక్కన అడగడం లేదు. ఆ పర్యటన ఎందుకు జరిగింది, ఎలా జరిగింది అన్నది మనకు ఏ ఫోటో ఎక్కువ చెబుతుంది, ఏది తక్కువ మభ్యపెడుతుంది అన్నదే నా ప్రశ్న. క్యూబా విప్లవం నుంచే మూడు ఉదాహరణలు తీసుకుంటాను: ఆ విప్లవానికి నాయకుడైన ఫిడెల్ కాస్ట్రో వాషింగ్టన్ (1959 ఏప్రిల్), అతని సహచరుడు చే ఢిల్లీ (1959 జూన్ చివర, జూలై మొదట్లో), ఫిడెల్ ఢిల్లీ (1983 మార్చి).

ముందుగా వాషింగ్టన్. అక్కడి ఫోటోల్లో అందరికీ గుర్తుండిపోయింది ఒక్కటే. లింకన్ స్మారకంలో 19 అడుగుల ఎత్తున కూర్చున్న లింకన్ విగ్రహం, దాని ముందు చిన్నగా నిలబడి చూస్తున్న ఫిడెల్. తీసింది కోర్డానే. విప్లవానికి ముందు అతను హవానాలో ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్. మనిషిని ఎక్కడ నిలబెడితే, కెమెరా ఎక్కడ పెడితే చూసేవాడికి ఏమనిపిస్తుందో అతనికి బాగా తెలుసు. పాలరాతి విగ్రహం ఫ్రేమంతా ఆక్రమించి ఉంటుంది. 32 ఏళ్ల గడ్డం యువకుడు దాని ముందు అణువంతే. రాక్షసుడిలాంటి యోధుణ్ణి చిన్న కుర్రాడు ఎదిరించిన బైబిల్ కథ గుర్తొచ్చేలా, ఈ ఫోటోకి 'దావీదు, గొల్యాతు' అన్న పేరు స్థిరపడింది.

గొప్ప ఫోటో, ఇందులో వాదన లేదు. కానీ దీన్ని మాత్రమే చూసి ఆ పర్యటన గురించి అభిప్రాయం ఏర్పరచుకుంటే తప్పుదారి పడతాం. ఫిడెల్ ఏప్రిల్ 15న వాషింగ్టన్ వెళ్లింది అమెరికాతో తలపడటానికి కాదు. అసలు అమెరికా ప్రభుత్వం అతన్ని పిలవనే లేదు, పిలిచింది అక్కడి పత్రికా సంపాదకుల సంఘం. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అతన్ని కలవకుండా అగస్టాకు గోల్ఫ్ ఆడుకోవడానికి వెళ్లాడు. 19వ తేదీన ఉపాధ్యక్షుడు నిక్సన్ కలిశాడు. కలిశాక రాసుకున్న నోట్‌లో, ఈయన కమ్యూనిజం గురించి ఏమీ తెలియని అమాయకుడైనా అయి ఉండాలి, లేదా కమ్యూనిస్టుల చెప్పుచేతల్లోనైనా ఉండాలి అన్న అర్థం వచ్చేలా రాశాడు. ఫిడెల్ మాత్రం ఆ రోజుల్లో అమెరికా పత్రికలను, జనాన్ని తన వైపు తిప్పుకోవాలనే తాపత్రయంలో ఉన్నాడు. లింకన్ దగ్గరికి వెళ్లింది కూడా గౌరవంతో, పూలగుచ్ఛం పెట్టడానికే.

రెండు దేశాల దౌత్య సంబంధాలు తెగిపోయింది 1961 జనవరిలో, అమెరికా వెనకుండి క్యూబా మీద చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడి జరిగింది అదే ఏడాది ఏప్రిల్‌లో. ఆ తర్వాతి చరిత్ర తెలిసిన మనం ఫోటోలో పోరాటాన్ని చూస్తాం. ఫోటో తీసిన రోజున అక్కడ జరిగింది నివాళి. అంటే మనకు కనిపించే అర్థంలో సగం తర్వాత వచ్చి చేరింది. ఇది ఫోటో తప్పు కాదు, దాని బలం నుంచి వచ్చిన ప్రమాదం. మరీ బలమైన ఫోటో తన చుట్టూ జరిగినవన్నీ మింగేస్తుంది. ఐసెన్‌హోవర్ మొహం చాటేయడం, నిక్సన్‌తో గంటల తరబడి సాగిన మాటలు, సంపాదకుల ముందు ఫిడెల్ ఇంగ్లిష్‌లో పడ్డ పాట్లు, వేటికీ అందులో చోటు లేదు.

ఇక ఢిల్లీ. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ఫోటోల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

చే 1959 జూన్ 2న అలైదా మార్చ్‌ని పెళ్లి చేసుకున్నాడు. పది రోజులకే, జూన్ 12న, ఫిడెల్ పంపితే సుదీర్ఘ పర్యటనకు బయల్దేరాడు. భార్యని తీసుకెళ్లమని ఫిడెల్ అన్నా ఒప్పుకోలేదు. ఈజిప్టు, భారత్, బర్మా, జపాన్, ఇండోనేషియా, సిలోన్, పాకిస్తాన్, యుగోస్లావియా, ఇంకా మరికొన్ని దేశాలు. క్యూబా చక్కెరకి అమెరికా కాకుండా వేరే కొనుగోలుదారులు కావాలి, కొత్త స్నేహితులు కావాలి, ఇదే పని. అప్పటికి అతను మంత్రి కాదు. నేషనల్ బ్యాంక్ అధ్యక్షుడైంది కూడా ఆ ఏడాది నవంబర్‌లోనే. జూన్ 30న ఢిల్లీ పాలం విమానాశ్రయంలో దిగినప్పుడు ఇక్కడి అధికారులకు అతను ఒక చిన్న దేశపు ప్రతినిధి బృందం నాయకుడు. బస అశోకా హోటల్‌లో. మర్నాడు నెహ్రూ నివాసమైన తీన్‌మూర్తి భవన్‌లో ఆయనతో సమావేశం.

ఆ ఫోటోలు తీసింది మన సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఫోటోగ్రాఫర్లు. ఇప్పుడు అవి ఫోటో డివిజన్ దగ్గర ఉన్నాయి. నెహ్రూతో చే, రక్షణ మంత్రి కృష్ణమీనన్‌తో చే, ఓఖ్లా పారిశ్రామికవాడలో చే, ఢిల్లీ దగ్గర పిలానా అనే సామాజికాభివృద్ధి ప్రాంతంలో పల్లె జనం మధ్య చే. ఒక్కో ఫోటో విడిగా చూస్తే ఏ మంత్రి పర్యటనలోనైనా తీసే మామూలు ఫోటోలాగే ఉంటుంది. ఎవరూ కోణాల కోసం నేల మీద పడుకోలేదు. అందరూ కనపడాలి, ముఖ్య అతిథి మధ్యలో ఉండాలి, ఫైలుకి పనికి రావాలి, అంతే. కోర్డా ఫోటో పక్కన పెడితే ఇవి తేలిపోతాయని ఎవరైనా అంటే కాదనలేను.

కానీ వీటిని వరసగా పెట్టి చూడండి, అప్పుడు పర్యటన కనిపిస్తుంది. 31 ఏళ్ల గెరిల్లా కమాండర్, దాదాపు 70 ఏళ్ల నెహ్రూ. ఒకరు ఆరు నెలల క్రితం వరకు కొండల్లో, పట్టణాల్లో తుపాకీతో యుద్ధం చేసిన మనిషి. మరొకరు జైళ్లలో ఏళ్లు గడిపి, పన్నెండేళ్లుగా పార్లమెంటరీ ప్రభుత్వం నడుపుతున్న మనిషి. నెహ్రూ తమను ఇంటి పెద్ద తాతలా ఆదరించారన్న అర్థంలో చే తర్వాత రాశాడు. ఆ తేడా, ఆ ఆప్యాయత రెండూ పక్కపక్కన కనబడేది ఈ మామూలు ఫోటోల్లోనే.

నాకు వీటన్నిటిలో విలువైనవి పిలానా ఫోటోలు. కారణం చెబుతాను. 1959 మే 17న క్యూబా తన భూసంస్కరణ చట్టం తెచ్చింది. ఒకరి చేతిలో ఉండే భూమికి మామూలుగా 30 కబయెరియాలు (క్యూబాలో భూమి కొలత), అంటే దాదాపు 1000 ఎకరాల పరిమితి పెట్టింది. ఆ చట్టం వచ్చి ఆరు వారాలు గడిచాయో లేదో, ఆ ప్రభుత్వం మనిషి మన పల్లెకు వచ్చాడు. మన ప్రభుత్వం చూపించింది 1952 అక్టోబర్ 2న మొదలైన సామాజికాభివృద్ధి కార్యక్రమాన్ని. ఒక దేశం భూమిని పంచుతోంది, ఇంకో దేశం పల్లెకు బడి, బావి, మెరుగైన విత్తనం ఇచ్చి బాగు చేయాలనుకుంటోంది. ఆ రెండు దారులూ ఒకే ఫ్రేమ్‌లో నిలబడ్డ ఫోటో అది. వాషింగ్టన్ ఫోటోలో ఇలాంటిది వెతికినా దొరకదు.

ఈ ఫోటోలూ దాచిపెట్టేవి దాచిపెడతాయి. ప్రభుత్వం తీయించిన ఫోటోలో ప్రభుత్వం చూపించాలనుకున్నదే ఉంటుంది. దండలు, కరచాలనాలు చూసి చేకి మన పల్లె తెగ నచ్చేసిందనుకుంటాం. కానీ హవానా చేరాక, అక్టోబర్‌లో, సైన్యం పత్రిక వెర్దే ఒలివోలో భారత్ గురించి ఒక వ్యాసం రాశాడు. కొద్దిమంది చేతిలో చాలా భూమి, చాలామంది చేతిలో ఏమీ లేకపోవడం, పేదరికానికి మూలం అక్కడే ఉందని అతని అభిప్రాయం. గాంధీ మీద గౌరవం, నెహ్రూ మీద ఇష్టం ఉంటూనే ఈ మాట అన్నాడు. ఫోటోలో దండ పడింది, వ్యాసంలో విమర్శ వచ్చింది. రెండూ కలిపి చదివితేనే మనిషి అర్థమవుతాడు. కేవలం ఫోటో చూసి మురిసిపోయేవాళ్లూ, కేవలం విమర్శ చదివి కోపం తెచ్చుకునేవాళ్లూ ఇద్దరూ సగమే చూస్తున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఢిల్లీలో కెమెరా ముందు నిలబడ్డ ఈ మనిషి స్వయంగా ఫోటోగ్రాఫర్. మెక్సికో నగరంలో పొట్టపోసుకోవడానికి పార్కుల్లో జనానికి ఫోటోలు తీశాడు. 1955లో అక్కడ జరిగిన పాన్ అమెరికన్ క్రీడలకు ఒక వార్తా సంస్థ తరఫున ఫోటోగ్రాఫర్‌గా పనిచేశాడు. ఈ పర్యటనలో కూడా తన కెమెరా వెంట ఉంది, కలకత్తా వీధుల్లో తను తీసిన ఫోటోలు ఉన్నాయి. ఢిల్లీలో ప్రభుత్వం చేని ఎలా చూసిందో, కలకత్తాలో చే మన దేశాన్ని ఎలా చూశాడో పక్కపక్కన పెట్టి చూడగలగడం ఎంత అదృష్టం! మన గ్రంథాలయాల్లో, చరిత్ర పాఠాల్లో ఈ పని ఎందుకు జరగదో నాకు బాధగా ఉంటుంది.

మూడోది 1983 మార్చి 7, విజ్ఞాన్ భవన్. అమెరికా, సోవియట్ శిబిరాల్లో దేనిలోనూ చేరని దేశాల కూటమి అయిన అలీనోద్యమ శిఖరాగ్ర సభ. 1979 నుంచి అధ్యక్ష స్థానంలో ఉన్న ఫిడెల్ ఆ బాధ్యతను ఇందిరా గాంధీకి అప్పగిస్తున్నాడు. సభాధ్యక్షుల చెక్క సుత్తి అందుకోవడానికి ఆమె చేయి చాచారు. ఫిడెల్ ఆమెని దగ్గరికి తీసుకుని గట్టిగా కౌగిలించుకున్నాడు. ప్రోటోకాల్‌లో లేనిది. ఆమె ముఖంలో ఆ క్షణం కనిపించిన సిగ్గు, ఆశ్చర్యం ఎవరూ ముందుగా ఏర్పాటు చేసి తీయించగలిగినవి కావు.

మనసుకి దగ్గరగా వచ్చే ఫోటో ఇదే. ఆనాటి భారత క్యూబా స్నేహానికి ఇంతకంటే మంచి బొమ్మ లేదు. అయితే స్నేహం ఉందని చెబుతుంది గానీ ఎందుకు ఉందో చెప్పదు. ఆ సభకు ప్రధాన కార్యదర్శిగా ఉన్న నట్వర్ సింగ్ తర్వాత చెప్పిన సంగతి ఒకటుంది. మాట్లాడే వరస విషయంలో అలిగిన పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ వెళ్లిపోతానంటే, ఫిడెల్ నచ్చజెప్పి ఆపాడట. ఆ సభలో ఫిడెల్ ఏం చేశాడో తెలియాలంటే కౌగిలింత కంటే ఈ సంగతే ఎక్కువ పనికొస్తుంది. దానికి ఫోటో లేదు.

ఇప్పుడు తీర్పు. గోడకి ఒక్క ఫోటో పెట్టుకోవాలంటే కోర్డా తీసిన లింకన్ ఫోటోకి సాటి లేదు. పెట్టుకోండి, కానీ పక్కన తేదీ రాయండి. 1959 ఏప్రిల్ 19 అని ఉంటే, 1961 గొడవని వెనక్కి లాక్కొచ్చి అందులో చూడటం తగ్గుతుంది. రెండు దేశాల సంబంధం గురించి ఒక వ్యాసానికో, వార్తకో బొమ్మ కావాలంటే 1983 ఫోటో సరిపోతుంది.

కానీ పిల్లలకి చరిత్ర చెప్పాలన్నా, ప్రదర్శన పెట్టాలన్నా, చే అనే మనిషిని టీషర్టు నుంచి కిందికి దించి మామూలు నేల మీద నిలబెట్టాలన్నా నా ఓటు ఢిల్లీ 1959కే. అవి తక్కువ అందమైనవి, ఎక్కువ నమ్మదగినవి. ఒక్కటి తీసుకోకండి, మొత్తం తీసుకోండి. నెహ్రూతో ఉన్న ఫోటోనే అందరూ షేర్ చేస్తారు, ఈ మధ్య దానికి రంగులు అద్ది మరీ తిప్పుతున్నారు. రంగులు అద్దింది వద్దు, నలుపు తెలుపు ప్రింటే వాడండి, క్యాప్షన్ కత్తిరించకండి. ఓఖ్లా ఫోటో, పిలానా ఫోటో తప్పకుండా ఉండాలి. పిలానా ఫోటో కింద వెర్దే ఒలివో వ్యాసంలో భూమి గురించి చే రాసిన భాగాన్ని తెలుగులో పెట్టండి. కుర్రాళ్లు అక్కడ ఆగి వాదించుకుంటారు.