కూలెంట్ శుద్ధి యంత్రం: ఏడాది వాడకం తరువాత

లోహపు విడిభాగాలు తయారుచేసే కర్మాగారంలో ప్రమాదకర వ్యర్థం అనగానే చాలామందికి ఆమ్లపు తొట్లు గుర్తుకు వస్తాయి గానీ, మా లేత్, మిల్లింగ్ విభాగం నుంచి పీపాలకొద్దీ బయటికి పోయేది వాడిన కూలెంటే, అంటే లోహాన్ని కోసేటప్పుడు వేడి తగ్గించడానికి పోసే, నీటిలో నూనె కలిపిన ద్రవమే. దానిని తగ్గించాలనే ఉద్దేశంతో, చక్రాల మీద తోసుకుంటూ ఒక్కొక్క యంత్రం దగ్గరికీ తీసుకువెళ్లగల శుద్ధి యంత్రాన్ని ఏడాదిగా వాడుతున్నాము.

స్లైడ్‌వేలకు (యంత్రభాగాలు జారే పట్టాలకు) వేసే నూనె, హైడ్రాలిక్ నూనె కారి యంత్రపు కూలెంట్ ట్యాంకులో పడి, కూలెంట్ పైన తెట్టు కడతాయి. ఆ తెట్టు కింద గాలి అందనందువల్ల, ప్రాణవాయువు లేని చోట పెరిగే బాక్టీరియా విజృంభించి, కూలెంట్ పీహెచ్ పడిపోతుంది, అంటే ఆమ్లగుణం పెరుగుతుంది. సెలవు మరునాడు పంపు తిప్పగానే కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంటుంది. ఈ శుద్ధి యంత్రం కూలెంట్‌ను పీల్చి, సంచి వడపోతతో లోహపు రజనును ఆపి, నూనెను ఆకర్షించే ప్లాస్టిక్ పలకల మధ్య నుంచి నెమ్మదిగా పోనిస్తుంది. అక్కడ సన్నని నూనె బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై పైకి తేలి పక్క డబ్బాలోకి పొర్లిపోతాయి, శుభ్రపడిన కూలెంట్ తిరిగి ట్యాంకుకు చేరుతుంది. బెల్టు స్కిమ్మర్ (తిరిగే పట్టీకి నూనెను అంటించుకుని తీసే పరికరం) పైన తేలిన తెట్టును మాత్రమే తీయగలదు కనుక, నాకు ఈ పద్ధతే మెరుగనిపించింది. ఒకప్పుడు వాసన భరించలేక ఖాళీ చేసిన ట్యాంకులను ఇప్పుడు చాలాకాలం ఖాళీ చేయనవసరం లేకపోతున్నది, పనివారి చేతుల మీద దురద, దద్దుర్లు తగ్గడం నాకు అంతకన్నా ఎక్కువ సంతోషాన్నిచ్చింది.

అయితే పూర్తిగా కూలెంట్‌లో కలిసిపోయిన నూనెను ఇది విడదీయలేదు. కఠిన జలం వాడితే నీరు ఆవిరైన కొద్దీ కాల్షియం, మెగ్నీషియం లవణాలు పేరుకుని ఎమల్షన్ (నీటిలో నూనె సన్నని బిందువులుగా కలిసి ఉన్న మిశ్రమం) విరిగిపోతుంది. దానికి ఈ యంత్రం దగ్గర మందు లేదు. మొదటి నెలల్లో ఆశించిన ఫలితం రాకపోవడానికి కారణం మేము పోసిన నీరేనని ఆలస్యంగా గ్రహించి, లవణాలు తీసేసిన ఆర్వో నీటికి మారాము. రిఫ్రాక్టోమీటర్‌తో (కాంతి వంగే తీరును బట్టి గాఢతను కొలిచే పరికరంతో) కూలెంట్ గాఢతను చూసుకోవడం కూడా మానకూడదు.

సంచి మార్చడం మాత్రం చికాకైన పని: మూత బిగుసుకుపోతుంది, తీసేటప్పుడు కూలెంట్ నేల మీద ఒలుకుతుంది. తీసిన సంచులూ, డబ్బాలో చేరిన నూనె కూడా ప్రమాదకర వ్యర్థాలుగానే పరిగణించవలసినవన్న సంగతి యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఎక్కడా లేకపోవడం పెద్ద లోపం. కొనేవారు వాటికి మూత ఉన్న పీపాలను, వాటి మీద అంటించే చీటీలను ముందే సిద్ధం చేసుకోవాలి.